లెక్కకు రాని గంటలు

పామర్రు సెంటర్లో బస్సు ఆగగానే ఉమాశ్రీ ఫోను మోగింది. ఒళ్ళో ఉన్న బ్యాగును కాళ్ళ మధ్యకు జార్చి, ఒక చెవి మూసుకుని, కిటికీ వైపు తిరిగి "హలో" అంది. కింద జామకాయల గంప పట్టుకుని నిలబడ్డ మనిషి తననే పిలిచిందనుకుని గంప పైకెత్తాడు.

"సిమ్యులేటర్లో మీరు చాలా బాగా చేశారని ఎగ్జామినర్ గారు రాశారు మ్యామ్," అంది హైదరాబాదు విమాన కంపెనీ నుంచి ఒక అమ్మాయి.

ఆ మొదటి మాటకే ఉమాశ్రీకి సంగతి తెలిసిపోయింది. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు మెచ్చుకోలుతో మొదలుపెట్టరు. ఎప్పుడు చేరతారని అడుగుతారు.

"కాకపోతే మ్యామ్, మీ గంటలన్నీ చిన్న విమానం మీదివి. ఏటీఆర్ విమానం మీద ఇదివరకే ట్రైనింగ్ అయినవాళ్ళనే తీసుకోవాలని మా మేనేజ్‌మెంట్ డిసైడ్ చేసింది."

"అదీ టర్బోప్రాపే, ఇదీ టర్బోప్రాపే కదండీ. రెండూ ఫ్యాన్ల విమానాలే. ఇంజను తయారుచేసే కంపెనీ కూడా ఒకటే."

"నిజమే మ్యామ్. కానీ అది బరువు తక్కువ క్లాసు. ఆ గంటలు మా లెక్కలోకి రావు."

ఉమాశ్రీ "నిన్న నాతోపాటు చేసిన అబ్బాయి?" అని అడిగింది.

"సెలెక్టయ్యారు మ్యామ్. ఆల్ ది బెస్ట్ మ్యామ్."

నిన్న ఆ అబ్బాయి పక్క సీట్లోనే ఆమె కూర్చుంది. నేల మీదే ఉంచి అచ్చం విమానంలా కదిలించే ఇరుకు గది ఆ సిమ్యులేటర్. అతను టేకాఫ్ చేసి, చక్రాలు పైకి లాగడం మర్చిపోయాడు. అతని మెడ మీద చెమట కారుతోంది. వెనక సీట్లో ఎగ్జామినర్ ఏదో రాసుకుంటున్నాడు. "గేర్" అంది ఆమె, పెదవులు కదిలీ కదలకుండా. ఆరేళ్ళపాటు ఆమె నడిపిన విమానానికి చక్రాలు ముడుచుకునేవే కావు. అయినా ఆమెకి గుర్తుంది, అతనికి లేదు. బయటికొచ్చాక "థాంక్స్ అక్కా" అని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏటీఆర్ ట్రైనింగ్ వాళ్ళ నాన్న ముందే యూరప్‌లో చేయించాడట.

"తీసుకోండమ్మా, తియ్యటి కాయలు," అన్నాడు జామకాయల మనిషి. బస్సు కదిలింది. అతను నాలుగడుగులు పక్కనే నడిచి ఆగిపోయాడు.

బందరు ఈడేపల్లిలో అక్క అపర్ణ ఉండేది మేడ మీద వాటాలో. ఇప్పుడు ఉమాశ్రీ ఉంటున్నదీ అక్కడే. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. భర్తకి విశాఖలో ఉద్యోగం, ఎప్పుడో శని, ఆదివారాలు వచ్చిపోతాడు. అపర్ణ తలుపు తీసి, చెల్లెలి ముఖం చూసి నేరుగా వంటింట్లోకి నడిచింది. కంచం పెట్టి దొండకాయ వేపుడు వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఇంకా ఎన్ని మిగిలాయే?" అంది కాసేపటికి.

"ఏవి?"

"కంపెనీలు."

"నేను నడిపినటువంటి చిన్న విమానాలున్నవి రెండే అక్కా. ఒకళ్ళు రూట్లు ఆపేశారు. రెండోవాళ్ళు ఫోనెత్తరు." ఉమాశ్రీ అన్నం కలుపుతూనే ఉంది. "పెద్ద కంపెనీలకి నా విమానం చిన్నది. పోనీ కింద నుంచి మొదలుపెడతానంటే, కెప్టెన్‌గా చేసొచ్చినదానివి కుర్రాళ్ళ పోస్టులో ఎలా ఇముడుతావంటారు."

"మళ్ళీ ఆ న్యూ గినీకే వెళ్ళిపోకూడదూ?"

"అక్కడ ఎవరున్నారని? కాంట్రాక్టు పోయింది, విమానాలే అమ్మేసుకున్నారు."

రోజూ పొద్దున్నే ఉమాశ్రీ డాబా మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. ఎడమచెయ్యి ముందు గాలిలో దేన్నో పట్టుకుని ఉండేది. కుడిచెయ్యి తల మీదికి లేచి, లేని మీటల్ని మెల్లగా వెనక్కి లాగేది. ఆమె విమానంలో ఇంజను మీటలు పైకప్పుకి ఉంటాయి. పాపువా న్యూ గినీలో ఆమె పనిచేసిన చోట కొండవాలు మీద గడ్డి కోసి చేసిన పొట్టి రన్‌వేలే ఉండేవి. బియ్యం బస్తాలతో, నొప్పులు పడుతున్న ఆడమనిషితో, కాళ్ళు కట్టేసిన పందిపిల్లలతో ఆమె ఆ రన్‌వేల మీద దిగేది. ఆ దిగడం చేతులు మర్చిపోకూడదని రోజూ ఒకసారి డాబా మీద దిగేది. పక్కింటి మాణిక్యమ్మ గారు అదేదో ఆసనమనుకుని, మోకాలి నొప్పికి పనికొస్తుందా అని కూడా అడిగింది.

మర్నాడు పొద్దున ఉమాశ్రీ డాబా మీదికి వెళ్ళలేదు. అపర్ణ అది చూసింది. కాలేజీకి బయల్దేరుతూ, గుమ్మంలో చెప్పులేసుకుంటూ అంది:

"గుడివాడ వెంకటపతి మళ్ళీ ఫోన్ చేశాడే. నా దగ్గర చదువుకున్నాడని చెప్పానే, పిల్లల్ని పైలట్ కోర్సులకి పై దేశాలు పంపే ఆఫీసు పెట్టాడు. ఆదివారం తల్లిదండ్రులతో ఒక్క గంట మాట్లాడమంటున్నాడు. నచ్చితే ఉద్యోగమే ఇస్తానంటున్నాడు."

"ఏం ఉద్యోగం?"

"వచ్చినవాళ్ళకి సలహాలు చెప్పడం."

"అదీ ఒక ఉద్యోగమేనా అక్కా?"

"ముందు ఇంట్లోంచి బయటికి వెళ్ళడం, ఉమా. తర్వాత సంగతి తర్వాత," అంది అపర్ణ. ఆ మాటలో విసుగు లేదు. భయం ఉంది.

*

గుడివాడలో వెంకటపతి ఆఫీసు ఒక బట్టల కొట్టు మీద అంతస్తులో ఉంది. మెట్ల మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద ఉమాశ్రీ ఫొటో, నాలుగు గీతల యూనిఫాంలో. ఎప్పుడో జిల్లా పేపర్లో పడిన ఫొటోని పెద్దది చేసినట్టున్నారు, ముఖం కాస్త చెదిరిపోయి ఉంది. "మన కృష్ణా జిల్లా కెప్టెన్. తర్వాత మీ అబ్బాయే! మీ అమ్మాయే!"

"నేను మీ ద్వారా చదవలేదు కదండీ," అంది ఉమాశ్రీ.

"చదివారని ఎక్కడ రాశామండీ?" అన్నాడు వెంకటపతి నవ్వుతూ. ముప్పై దాటని మనిషి, పొట్టి చేతుల తెల్లచొక్కా, మాట తీపి. "ఫొటో వేశాం, అంతే. మన ఊరి ఆడపడుచు మేడం, మేం వేసుకోకపోతే ఎవరేసుకుంటారు?"

హాల్లో ఓ పాతికమంది ఉన్నారు. ఎక్కువగా చేపల చెరువుల వాళ్ళు, రొయ్యల చెరువుల వాళ్ళు. పక్కన ఇంటరు పూర్తయిన పిల్లలు. అపర్ణ ఇస్త్రీ చేసిచ్చిన యూనిఫాం చొక్కాలో నిలబడి ఉమాశ్రీ కొండల గురించి చెప్పింది. మబ్బు కమ్మితే లోయలో దారి ఎలా మూసుకుపోతుందో, పైకెక్కే రన్‌వే మీద దిగి కిందికి జారుతూ ఎలా లేస్తారో చెప్పింది. చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి దానంతటదే తల మీదికి లేస్తూ ఉంది. అందరూ నోరు తెరుచుకుని విన్నారు. ప్రశ్నలేమైనా ఉంటే అడగమన్నాడు వెంకటపతి. జీతమెంత అని ఒకాయన, వెజిటేరియన్ దొరుకుతుందా అని ఒకావిడ అడిగారు.

రెండో వరసలో ఒక అమ్మాయి లేచింది. నల్లగా, సన్నగా ఉంది. జడ ముందుకు వేసుకుని కొసను వేలికి చుట్టుకుంటోంది.

"మేడం, కాలవ వంతెన ఎక్కేటప్పుడు స్కూటీ మీద నాకు ఎదురు రోడ్డు ఎప్పుడూ తేడాగా కనపడుద్దండీ. అలాగే ఏటవాలు రన్‌వే మీదికి దిగేటప్పుడు, మనం ఎంత ఎత్తులో ఉన్నామో కన్ను తప్పు చెప్పదాండీ?"

ఉమాశ్రీ ఆ అమ్మాయి వైపు పూర్తిగా తిరిగింది. "చెప్తుంది. ఉన్నదానికంటే ఎత్తులో ఉన్నామని చెప్తుంది. అది నమ్మి కిందికి దించితే రన్‌వే దాకా వెళ్ళం."

"మరి దేన్ని నమ్ముతారండీ?"

"ముందే వేసుకున్న లెక్కని. ఫలానా వాగు దాటేటప్పుడు ఫలానా ఎత్తు ఉండాలి. లేకపోతే వెనక్కి తిప్పేయాలి."

"ఆలస్యమైపోతే?"

"ఒక చోటు దాటాక ఇంక తిప్పలేం. దిగాల్సిందే."

అమ్మాయి తల ఊపి కూర్చుంది. ఆ ప్రశ్న లైసెన్సు చేతికొచ్చాక కూడా అడగనివాళ్ళని ఉమాశ్రీ ఎరుగును. పేరడిగితే భవిత అంది. ఊరు బంటుమిల్లి దగ్గర.

మీటింగు అయ్యాక మెట్లు దిగుతుంటే భవిత తండ్రి జగన్మోహనరావు వెనకే వచ్చాడు. ఎండకి కమిలిన ముఖం, మోకాళ్ళ దగ్గర ఉప్పునీటి చారలు పోని ప్యాంటు. ఆమెని రోడ్డవతల చెరుకురసం బండి దాకా తీసుకెళ్ళి, రెండు గ్లాసులు చెప్పి, గొంతు తగ్గించాడు.

"అమ్మా, మీరు లోపల చెప్పింది బానే ఉంది. ఇప్పుడు మీ ఇంట్లో మనిషినే అనుకుని చెప్పండి. రెండు చెరువులు అమ్మాలి నేను. పిల్ల చదువు పూర్తి చేసుకుని వస్తే ఇక్కడ ఉద్యోగం వస్తుందా?"

వెంకటపతి పై కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఉమాశ్రీ గ్లాసు బండి మీద పెట్టేసింది.

"రాదండీ," అంది. "వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ ఇచ్చే లైసెన్సు ఇక్కడ పనికిరాదు. మళ్ళీ మన పరీక్షలన్నీ రాయాలి. రాశాక ఒక్కో విమానానికి ఒక్కో ట్రైనింగు, అదీ సొంత ఖర్చుతో. అదీ చేసినవాళ్ళు వందల మంది ఖాళీగా ఉన్నారు. నన్నే చూడండి. ఆరేళ్ళు ఎగిరాను, కెప్టెన్ని. వచ్చి యేడాది కావస్తోంది. మా అక్క ఇంట్లో కూర్చున్నాను."

జగన్మోహనరావు గ్లాసు చేతిలో తిప్పుతూ విన్నాడు. "మీకు పెళ్ళి...?"

"కాలేదండీ."

ఆయన ఆమెని ఒక్కసారి తేరిపార చూసి, చూపు దించుకున్నాడు. గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. "ఇంత ఉన్నదున్నట్టు చెప్పినవాళ్ళు లేరమ్మా నాకు. మా ఇల్లు నిలబెట్టారు."

ఆ సాయంత్రం బందరు బస్సులో ఉమాశ్రీకి కిటికీ సీటు దొరికింది. చాలా నెలల తర్వాత ఆకలి వేసింది. ఇంటికెళ్ళి, ఉప్మా కలుపుతున్న అపర్ణ పక్కన గట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది.

"వెంకటపతికి తెలిస్తే ఉద్యోగం ఇవ్వడుగా," అంది అపర్ణ.

"ఇవ్వకపోతే ఇవ్వకపోయాడు. ఒక ఇల్లు నిలబడిందిగా అక్కా. ఇన్ని రోజులకి నేను చేసిన పని ఇదొక్కటి."

అపర్ణ గరిటె ఆపి చెల్లెలి వైపు చూసింది. నవ్వింది. ఆ రాత్రి ఉమాశ్రీ పడుకోగానే నిద్రపోయింది.

*

బుధవారం పొద్దున ఉమాశ్రీ డాబా మీద కుర్చీ వేసుకుంటుండగా వెంకటపతి ఫోన్ చేశాడు. తిడతాడనుకుని ఆమె సిద్ధపడే ఎత్తింది.

"మేడం, స్వీట్లు పంపిస్తున్నాను, కాదనకండి," అన్నాడు. గొంతులో హుషారు పొంగుతోంది. "బంటుమిల్లి జగన్మోహనరావు గారు నిన్న వచ్చి అడ్వాన్సు కట్టేశారు."

"ఏం కట్టారు? ఎందుకు?"

"కోర్సుకే మేడం. అబ్బాయికి. వరుణ్ అని, భవిత తమ్ముడు. ఈ యేడే ఇంటరైంది."

ఉమాశ్రీ కుర్చీ వీపు పట్టుకుంది. "ఉద్యోగాలు లేవని చెప్పాను కదండీ నేను ఆయనకి."

"చెప్పారట మేడం! అదే పని చేసింది. ఆయనకి మన మీద అనుమానం ఉండేది. మీరు కల్లాకపటం లేకుండా చెప్పేసరికి గురి కుదిరింది. 'ఆడపిల్ల అంత చదివి, అన్నేళ్ళు నడిపొచ్చినా ఇంట్లోనే కూర్చుందంటే ఇది ఆడపిల్లలకి కుదిరే పని కాదండీ, మా వాణ్ణి పంపుతాను' అన్నారు. మనకి ఏ సీటైనా ఒకటే కదా. వచ్చే ఆదివారం అవనిగడ్డలో మీటింగు. మీరు అలాగే నిజాయితీగా మాట్లాడండి, చాలు. మీలాంటి మనిషే కావాలి మాకు. ఎప్పుడు జాయినవుతారు మేడం?"

యేడాదిగా ఆ మాట కోసమే ఆమె ఫోను దగ్గర పెట్టుకు పడుకుంది.

"నేను చేరనండీ," అంది.

"తొందరేం లేదు మేడం. నిదానంగా ఆలోచించుకోండి," అన్నాడు వెంకటపతి ఎంతో మర్యాదగా.

ఆమె బ్యాగు తీసుకుని, చెప్పులేసుకుని కిందికి దిగింది. కాలేజీకి తయారవుతున్న అపర్ణ "ఎక్కడికే?" అని వెనక నుంచి అరిచేలోగా వీధి మలుపు తిరిగింది.

పెడన దాటాక వరిచేలు సన్నగిల్లి చెరువులు మొదలయ్యాయి. బంటుమిల్లిలో దిగి, జగన్మోహనరావు గారి చెరువులు ఎక్కడని అడిగితే ఒక ఆటో అతను గట్టు దాకా తీసుకెళ్ళి దించాడు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. మేత కంపు గాలిలో నిలిచి ఉంది. జగన్మోహనరావు చెక్క వంతెన చివర గొంతుకూర్చుని, తాడుతో చెక్‌ట్రే పైకి లాగుతున్నాడు. జల్లెడ లాంటి ఆ పళ్ళెంలో పొద్దున వేసిన మేత ఎంత మిగిలిందో చూసి, ఒక రొయ్యని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుగుకి ఎత్తాడు. అప్పుడు ఆమె కనపడింది.

"అయ్యయ్యో, మీరొచ్చారేంటమ్మా! కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా. ఒరే వరుణూ, కుర్చీ తీసుకురారా!"

షెడ్డులోంచి ఒక పొడుగాటి కుర్రాడు ఫోను చూసుకుంటూనే కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నేను అమ్మాయి గురించి చెప్పలేదండీ," అంది. "అందరి గురించీ చెప్పాను. అబ్బాయికైనా అంతే. ఇక్కడ ఉద్యోగాల్లేవు."

"మీరు అందరి గురించే చెప్పుంటారమ్మా. నాకు వినపడింది మాత్రం మా పిల్ల గురించే." ఆయన రొయ్యని నీళ్ళలోకి వదిలాడు. "వాడు మగాడు. ఉద్యోగం రాకపోతే తిరిగొచ్చి మేత చల్లుకుంటాడు, అడిగేవాడుండడు. అదే ఆడపిల్ల మీలాగ..." అని ఆగిపోయాడు. "తప్పుగా అనుకోకండమ్మా."

"ఆ రోజు ఆ ప్రశ్న అడిగింది మీ అమ్మాయండీ. నాతో ఎగిరినవాళ్ళలో కూడా అందరికీ ఆ ఆలోచన రాదు."

"నాకు తెలీదా? దానికున్న తెలివి మా వంశంలో ఎవరికీ లేదు." ఆయన ముఖం వెలిగింది. "అందుకేనమ్మా దాని గురించి దిగులు లేదు. బందరులో డిగ్రీ పూర్తి చేస్తది, బ్యాంకు పరీక్ష రాస్తది, ఎక్కడైనా బతికేస్తది. వీడికే ఏదో ఒక దారి చూడాలి." కొడుకు షెడ్డులోకి వెళ్ళేదాకా ఆగి గొంతు తగ్గించాడు. "వీడు చెక్‌ట్రే చూసి మేత తగ్గించాలో పెంచాలో కూడా చెప్పలేడు."

"మరి చెరువులు అమ్మి అబ్బాయిని ఎందుకు పంపుతున్నారండీ?"

జగన్మోహనరావు నొచ్చుకోలేదు. చాలా ఓపికగా, తెలియని పిల్లకి చెబుతున్నట్టు చెప్పాడు. "కొడుకు కదమ్మా."

ఉమాశ్రీ బ్యాగు సర్దుకుని వెళ్ళొస్తానంది. ఆయన తాడు చుట్టి వంతెన గుంజకి కట్టి, భోంచేసి వెళ్ళమని పదేపదే అడిగాడు. వద్దంటే, "అమ్మడూ, మేడం గారిని రోడ్డు దాకా దింపిరామ్మా," అని కేకేశాడు.

భవిత పక్క చెరువు గట్టు మీద నుంచి వచ్చింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఉంది, చేతులకి మేత పొడి. గట్టు కింద నీళ్ళలో చేతులు కడుక్కుని, చున్నీకి తుడుచుకుని స్కూటీ తీసింది. గతుకుల్లో నెమ్మదిగా, చక్కగా నడిపింది. మెయిన్‌రోడ్డు మీద బస్‌స్టాపు నీడలో ఆపి, స్కూటీ దిగకుండానే కాళ్ళు నేలకి ఆనించి కూర్చుంది.

"మీ నాన్నకి చెప్పి చూశాను," అంది ఉమాశ్రీ.

"విన్నానండీ. గట్టు మీద మాట నీళ్ళ మీదుగా వినపడుద్ది."

"నేను అబద్ధం చెప్పలేదు భవితా. ఉద్యోగం రాదు. నువ్వు కూడా నాలాగే తిరిగొచ్చి కూర్చునేదానివి."

భవిత జడ కొస వేలికి చుట్టుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకుంటున్నదానిలా మెల్లగా అంది:

"మీరు ఎగిరొచ్చి కూర్చున్నారక్కా. నన్ను ఎగరకుండానే కూర్చోబెట్టారు."

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. దుమ్ము రేగి అణిగింది. దూరంగా బందరు బస్సు కనపడింది. భవిత స్కూటీ స్టాండు వేసి, రోడ్డు మీదికి వెళ్ళి, చెయ్యెత్తి బస్సు ఆపింది. ఉమాశ్రీ బ్యాగు అందుకుని, ఆమె మెట్టెక్కాక అందించింది. "బందరు ఒకటండీ, ఈవిడకి," అని కండక్టరుతో చెప్పింది. పెద్దవాళ్ళని బస్సెక్కించే మర్యాద అంతా చేసి వెనక్కి తిరిగింది.

"భవితా," అని పిలిచింది ఉమాశ్రీ ఫుట్‌బోర్డు మీద నుంచి.

అమ్మాయి తిరిగి చూసింది. నిలబడింది. ఉమాశ్రీ కమ్మీ పట్టుకుని వంగి ఉంది, నోరు సగం తెరుచుకుని ఉంది. డ్రైవరు గేరు మార్చాడు. భవిత కాసేపు చూసి, స్కూటీ స్టాండు తీసుకుంది.

"లోపలికి రండమ్మా, పడిపోతారు," అన్నాడు కండక్టరు. "వెనకంతా ఖాళీయే."

ఉమాశ్రీ లోపలికి వెళ్ళి కూర్చుంది.